అరవై కార్డులకు నల్ల తొడుగులు

పదకొండు నెలల్లో మా అమ్మాయి తనంతట తానుగా నన్ను అడిగిన మొదటి వస్తువు కార్డుల తొడుగులు. మధ్యాహ్నం అన్నం పళ్లెం ఆమె గది గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరుగుతున్నాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"నాన్నా, స్లీవ్స్ కావాలి."

"ఏంటమ్మా అవి?"

"కార్డులకి తొడుగులు. అరవై."

పళ్లెం లోపలికి వెళ్లింది. గడియ పడింది.

తిరువూరులో ముప్పై ఏళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా పనిచేశాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని ఊరందరినీ అడిగినవాణ్ని. తడిసి నల్లబడిన పత్తిని చూస్తూ కూర్చున్న రైతును చేను గట్టు మీదే అడిగాను. మార్చురీ బయట కూర్చున్నవాళ్లనూ అడిగాను. ఇంజనీరింగ్ రెండో ఏడాది పరీక్షల మధ్యలో హాస్టల్ నుంచి ఒక సంచితో వచ్చి గదిలోకి వెళ్లిపోయిన నా కూతురి దగ్గర మాత్రం 'ఎందుకు' అన్నదానికి జవాబు రాబట్టలేకపోయాను. మొదటి నెలంతా రోజూ అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త లోపలికి పోయింది. విజయవాడలో డాక్టరు దగ్గరికి ఒకసారి వచ్చింది. రెండోసారి బస్టాండు దాకా వచ్చి, బస్సు ఎక్కకుండా వెనక్కి నడిచింది. డాక్టరమ్మ నాకు ఫోన్లో చెప్పింది ఒకటే. "మీరు అడగడం మానేయండి. తనే ఏదైనా అడిగితే మాత్రం దాన్ని వదలకండి."

హాస్టల్ నుంచి తెచ్చుకున్న సంచిలో పుస్తకాలు లేవు. రెండు జతల బట్టలు, ఒక అట్టపెట్టె నిండా కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, కింద నాలుగు వరుసల చిన్న అక్షరాలు. కొన్నిటి మీద మృగాలు, కొన్నిటి మీద కోటలు, మంటలు. ఎవరి కార్డులు వాళ్లు తెచ్చుకుని ఎదురెదురుగా కూర్చుని ఆడాలట. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి మంచం మీద రెండు వైపులా తానే ఆడుకునేది. కార్డులు కలిపే చప్పుడు తలుపు బయటికి వినపడేది. మాకు అదే ఆమె క్షేమ సమాచారం. ఏ పూటైనా ఆ చప్పుడు ఆగిపోతే మా ఆవిడ చేతిలో పని వదిలేసి తలుపుకు చెవి ఆనించి నిలబడేది. నేను మా ఆవిడ ముఖం చూస్తూ నిలబడేవాణ్ని. ఆమె తల ఊపితేనే ఇద్దరం కదిలేవాళ్లం.

కొలతకు ఒక కార్డు అడిగితే తలుపు సందులోంచి ఇచ్చింది.

"పోగొట్టకు," అంది.

అంచులు తెల్లగా అరిగి ఉన్నాయి. ఒక మూల మెత్తబడి పొరలుగా విడిపోతోంది. మెడలో వేసుకునే కవర్లోంచి నా ప్రెస్ కార్డు తీసేసి, అందులో దీన్ని పెట్టుకుని బజారుకు వెళ్లాను.

తహసీల్దారు ఆఫీసు దగ్గర జిరాక్సు షాపతను దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఇదేం కార్డు సార్? కొత్త పథకమా?"

"ఆట కార్డు. తొడుగు కావాలి."

"తొడుగెందుకు సార్, లామినేషన్ కొట్టేస్తా. జన్మలో పాడవదు."

"కొడితే మళ్లీ బయటికి తీయలేముగా."

"బయటికెందుకు తీయడం? లోపలుంటేనే కదా భద్రం."

కార్డు తీసుకుని వచ్చేశాను.

ఊళ్లో దొరకవని తేలాక ఫోన్లోనే వెతికి తెప్పించడం మొదలుపెట్టాను. మొదటి పార్సిల్ దండగైంది. కార్డును స్కేలుతో కొలిచి సరిగ్గా ఆ కొలతవే తెప్పించాను. తొడుగు కార్డుకన్నా కాస్త పెద్దదిగా ఉండాలని నాకు తట్టలేదు. ఒక్క కార్డూ దూరలేదు. రెండో పార్సిల్‌లో వచ్చినవి గాజులా మెరిసేవి. బాగున్నాయనుకుని గుమ్మం దగ్గర పెట్టాను. సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. ఈసారి బెత్తెడు కాదు, మనిషి కనపడేంత.

"ఇవి ఒకదానికొకటి అంటుకుంటాయి నాన్నా. చెయ్యి చెమటపడితే మరీను. కలిపితే గుత్తులు గుత్తులుగా వస్తాయి."

నేను గచ్చు మీద కూర్చున్నాను. జేబులో నోట్‌బుక్ ఉంది. తీశాను.

"మరి ఎలాంటివి కావాలి?"

"మ్యాట్‌వి. మెరవవు, కొంచెం గరుగ్గా ఉంటాయి, చేతిలో నిలుస్తాయి. వెనకవైపంతా ఒకటే రంగు ఉండాలి. లోపలిది కనపడకూడదు."

"కనపడితే ఏం?"

"నా కార్డులు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. పాతవి వెనక వెలిసిపోయాయి. వెనక నుంచి చూసి ఏ కార్డో తెలిసిపోతే ఇంక ఆటేముంది? మోసం అంటారు."

రాసుకున్నాను. మందం ఎంత ఉండాలి, మూలలు ఎలా ఉండాలి, ఎన్నాళ్లకు మార్చాలి అని అడుగుతూ పోయాను. 'ఎందుకు' అన్నది తప్ప అన్నీ అడిగాను. పావుగంట మాట్లాడింది. నేను లేవబోతుంటే, తలుపు అంచు గోటితో గీకుతూ అంది.

"వచ్చే నెల ఒక ఆదివారం విజయవాడలో పోటీ ఉంది. వెళ్దామనుకుంటున్నా."

వంటింట్లోకి వెళ్లి చెప్పాను. మా ఆవిడ కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది.

ఆ రోజు నుంచి నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ. ఆమె వెళ్లాలి. ఒక్క పూట నలుగురి మధ్య కూర్చోవాలి. అక్కడ ఏదైనా తేడా జరిగితే ఆ తలుపు మళ్లీ ఎప్పటికి తెరుచుకుంటుందో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె చేతిలోకి వెళ్లే ప్రతి వస్తువూ సరిగ్గా ఉండాలి. నేను చేయగలిగింది అంతే.

పోటీలో బల్లల మీద కార్డులు నేరుగా పెడితే అంచులు గీసుకుపోతాయని, ఎవరి మ్యాట్ వాళ్లు కింద పరుచుకుంటారని, చిన్న చాపలాంటిదని చెప్పింది. ఫోన్లో చూపించేవన్నీ రంగురంగుల బొమ్మలవి. ఆమెకు బొమ్మ లేనిది కావాలి, మ్యాట్ మీద బొమ్మ ఉంటే పైన పెట్టిన కార్డు కంటికి ఆనదట. బొమ్మ లేనిది ఆ ఆదివారానికి అందదన్నారు. బస్టాండు దగ్గర ట్రాక్టర్లకూ ఆటోలకూ సీట్లు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. రెండడుగుల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు, కార్డులాటకు మ్యాట్ అని చెప్పాను.

ఆయన పక్క టీకొట్టుకు కూడా వినపడేలా నవ్వాడు.

"ముప్పై ఏళ్లు పేకాట శిబిరంపై పోలీసుల దాడి అని రాసీ రాసీ, చివరికి మీరే శిబిరం పెడుతున్నారా గురువుగారూ?"

టీకొట్టులో ఎవరో అందుకున్నారు. "ఫొటోలో ఈసారి మీరే ఉంటారు సార్, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని!"

"పేకాట కాదయ్యా. అమ్మాయి అడిగింది."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. మా ఇంటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. నా ముందు మాత్రం ఎవరూ ఎత్తరు.

"అమ్మాయి అడిగిందా?" అన్నాడు మెల్లగా. అరలోంచి పలచటి రబ్బరు షీటు లాగాడు. "రెక్సిన్ వద్దండి, జారుతుంది. కింద రబ్బరు, పైన గుడ్డ. ఏ రంగు?"

"ముదురు నీలం. ఏ బొమ్మా ఉండకూడదు."

గుడ్డను రబ్బరుకు అంటించి, చేత్తో రుద్ది, చుట్టూ అంచు రెండుసార్లు కుట్టాడు. "కుట్టకపోతే నెలకే పోగులు లేస్తాయి. అమ్మాయిని చూసి చెప్పమనండి. నచ్చకపోతే విప్పి మళ్లీ కుడతా, ఎన్నిసార్లయినా."

ఆ మ్యాట్ ఆమెకు నచ్చింది. మాటతో చెప్పలేదు, మంచం మీద పరుచుకుంది. ఆ రోజు నుంచి గదిలోంచి వచ్చే చప్పుడు మెత్తబడింది.

మూడో పార్సిల్‌లో మెరవని గరుకు తొడుగులు వచ్చాయి. నల్లవి. రంగు ఆమే ఎంచింది. మా ఆవిడ ప్యాకెట్టు చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నల్లవా? ఇన్నాళ్లకి పిల్ల గడప దాటుతుంటే నల్లవిచ్చి పంపిస్తామా? ఎర్రవి లేవా, పచ్చవి లేవా?"

"నలుపైతే లోపలిది అస్సలు కనపడదమ్మా," అంది అమ్మాయి గదిలోంచి.

"నీ ఇష్టం తల్లీ," అంది కానీ, ఆ నలుపు ఆవిడ మనసులోంచి పోలేదు.

శనివారం సాయంత్రం అమ్మాయి తలుపు తీసిపెట్టుకునే కార్డులకు తొడుగులు వేసింది. మా ఆవిడ గడప మీద కూర్చుంది. నేను ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను.

"అమ్మా, ఇది చూడు. ఇలాంటివి నాలుగున్నాయి. ఇవి చేతికొస్తే నేను గెలిచినట్టే."

"ఏంటది, పక్షా?"

"వాన తెచ్చే పక్షి."

"పేరే చల్లగా ఉంది," అంది మా ఆవిడ. ఇద్దరూ నవ్వినట్టున్నారు. ప్యాకెట్టులో అరవై అయిదు వచ్చాయి. మిగిలిన అయిదు తొడుగులూ నా చేతికిస్తే టీవీ కింద సొరుగులో వేశాను.

ఆదివారం పొద్దున్నే, నేను చెప్పులు వేసుకోవడానికి లేచినప్పుడు, మా ఆవిడ దేవుడి అర ముందు కార్డుల డబ్బాతో నిలబడి ఉంది. వీపు నావైపు ఉంది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాను. ఏం చేస్తున్నావని అడగలేదు. మా ఇంట్లో అడగడం మానేసి చాలా కాలమైంది.

బస్సులో అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుని జిప్పు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎ.కొండూరులో బస్సు ఆగినప్పుడు దిగిపోతుందేమోనని నా కాలు నడవాలోకి చాచి పెట్టాను. ఆమె అది చూసింది. నేనే సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నాను.

పోటీ విజయవాడలో ఒక కాఫీ హోటల్ మీద అంతస్తులో. పొడవాటి బల్లలు, ముప్పై మంది దాకా మనుషులు. మెట్ల మీద ఆమె రెండుసార్లు ఆగింది. పైకి వెళ్లాక తన చోటు చూసుకుని నీలం మ్యాట్ పరిచింది. ఎదురుగా కూర్చున్నాయన కళ్లజోడు పెట్టుకున్నాడు, ముప్పై దాటి ఉంటాయి, ఆఫీసు నుంచి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. మ్యాట్ అంచు వేలితో తాకి, "ఎక్కడ కొన్నారండీ? కుట్టు గట్టిగా ఉంది," అన్నాడు.

"మా ఊళ్లో కుట్టారు," అంది మా అమ్మాయి.

అపరిచితుడితో మాట. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి చెబుదామా అనుకున్నాను. చేయలేదు.

ఒక్కొక్కరితో మూడు ఆటలు. మొదటిది గెలిచింది. రెండోది మొదలైన కాసేపటికి కళ్లజోడాయన ఆమె చేతిలోని కార్డుల వెనకవైపే చూడటం మొదలుపెట్టాడు. పేర్చి పట్టుకున్న కార్డుల వెనకభాగం కనపడేది ఎదుటి మనిషికే. ఆయన చెయ్యెత్తాడు.

"జడ్జిగారూ, ఒకసారి వస్తారా?"

జడ్జి ఇరవై అయిదేళ్ల అమ్మాయి. అరవై కార్డులూ బోర్లా పరిచింది. నలుపు, నలుపు, నలుపు. మధ్యలో ఒక మూలన చిటికెన వేలి గోరంత పసుపు మరక. ఇంకొకటి. ఇంకొకటి. ఇంకొకటి. ఆ నాలుగూ పక్కకు తీసి తిప్పింది. నాలుగూ వాన తెచ్చే పక్షులే.

నాకు అప్పుడు దేవుడి అర ముందు మా ఆవిడ వీపు కనపడింది. మా ఇంట్లో కొత్తది ఏదీ పసుపు పెట్టకుండా వాడరు. కొత్త బట్టల అంచుకు పెడతారు, శుభలేఖ మూలలకు పెడతారు, కొత్త బండి హ్యాండిల్‌కు పెడతారు. నల్ల బట్ట అయితే పెట్టి తీరాల్సిందే. అరవైకీ పెట్టేంత వ్యవధి లేదు. కూతురు తనను గెలిపిస్తాయని చూపించిన నాలుగింటికి పెట్టింది. ఏ కార్డు దాచాలో సరిగ్గా ఆ కార్డుకే గుర్తు పెట్టింది.

"టెక్నిక్ బాగుంది," అన్నారు వెనక నుంచి ఎవరో.

నేను లేచాను. "అమ్మా, అది..." అన్నాను.

"సార్, చూడటానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదు," అంది జడ్జి, నావైపు చూడకుండా.

నిలబడిపోయాను. అడ్డంగా దొరికిపోయారు అని ఎన్ని వందల వార్తల్లో రాశానో. పరీక్ష హాల్లో చీటీతో దొరికిన పిల్లల గురించి రాశాను. అప్పుడు ఆ పిల్లల తండ్రులు ఎక్కడ నిలబడ్డారో ఒక్కసారీ చూడలేదు. మా అమ్మాయి తల దించుకుంది. రెండు చేతులూ బల్ల కిందికి వెళ్లిపోయాయి. ఆ భంగిమ నాకు తెలుసు. గదిలోకి వెళ్లిపోయిన మొదటి రోజు మంచం మీద అలాగే కూర్చుంది. అయిపోయింది అనుకున్నాను. పదకొండు నెలలూ, మూడు పార్సిళ్లూ, ఆ మెట్లూ, అన్నీ అయిపోయాయి.

చాలాసేపటికి ఒక చెయ్యి పైకి వచ్చింది. ఒక పక్షి కార్డు తీసి జడ్జి ముందుకు చాచింది.

"వాసన చూడండి."

"ఏంటి?"

"పసుపు. మా అమ్మ పెట్టింది. నల్లవి కొన్నానని." మిగతా మూడూ కూడా ముందుకు జరిపింది. "ఈ నాలుగూ నాకిష్టమని నిన్న నేనే చూపించా. నాకు తెలీదు, ఇప్పుడే చూశా."

జడ్జి కార్డు ముక్కు దగ్గర పెట్టుకుంది. "మా అమ్మ కొత్త డ్రెస్సు ఏది కొన్నా కాలరుకి పెడుతుంది," అంది. తర్వాత గొంతు సవరించుకుంది. "నమ్ముతున్నా. కానీ రూలు రూలే. ఈ ఆట పోయినట్టే. పది నిమిషాల్లో తొడుగులు మార్చుకుంటే మూడోది ఆడొచ్చు."

నాలుగే కావాలి. అయిదు తిరువూరులో టీవీ కింద సొరుగులో ఉన్నాయి.

అక్కడ అమ్ముతున్నవి గులాబీ రంగువి మాత్రమే. రెండు రంగులు కలపకూడదు కాబట్టి అరవైకీ మార్చాలి. నన్ను బల్ల దగ్గరికి రానిచ్చారు. నా వేళ్లు లావు. తొడుగు నోరు తెరుచుకోదు, తెరుచుకుంటే కార్డు మూల మడత పడబోతుంది. ఒకటి తలకిందులుగా వేశాను, ఆమె తీసి మళ్లీ వేసింది. కళ్లజోడాయన తల పట్టుకున్నాడు. "నేను చూడకుండా ఉండాల్సింది మేడం. ఇటివ్వండి, నేనూ వేస్తా," అంటూ కొన్ని తీసుకున్నాడు. ముగ్గురం వేస్తూనే ఉన్నాం. నలభై దాటాక ఆమె ఆగిపోయింది. చేతిలోని కార్డు తొడుగులోకి పోవడం లేదు.

"చాలు నాన్నా. వెళ్దాం."

"ఇంకో పదిహేనే అమ్మా."

"వెళ్దాం."

మ్యాట్ చుట్టింది. తిరుగు బస్సు ఎక్కాం. మైలవరం దాటాక అన్నాను. "అమ్మకి చెప్పకమ్మా. తట్టుకోలేదు." ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంట్లో మా ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "గెలిచావా తల్లీ? మనసెందుకో కీడు శంకిస్తూనే ఉంది, ఆ నల్ల..."

"లేదమ్మా," అని గదిలోకి వెళ్లింది. గడియ పడింది.

మూడు రోజులు కార్డులు కలిపే చప్పుడు లేదు. పళ్లేలు సగం తిని బయటికి వచ్చాయి. మా ఆవిడ తలుపుకు చెవి ఆనించి నిలబడేది, తల అడ్డంగా ఊపేది. "అసలేం జరిగిందండీ అక్కడ?" అని నన్ను అడిగింది. ఓడిపోయిందని మాత్రం చెప్పాను. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఓపిక పట్టండి అంది. తలుపు అవతల ఏ చప్పుడూ లేని మనిషి విషయంలో ఓపిక అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఎందుకొచ్చిన పోటీ, ఆ చప్పుడన్నా ఉండేది కదా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ముందుగదిలో కూర్చుని ఉంటే సొరుగు లాగిన చప్పుడైంది. తల ఎత్తి చూస్తే అమ్మాయి టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. అయిదు నల్ల తొడుగులూ తీసింది. గదిలోకి వెళ్లి, గులాబీ, నలుపు కలిసిన కార్డులతోనూ, ఆ రోజు తీసేసిన నల్ల తొడుగులతోనూ మ్యాట్‌తోనూ తిరిగి వచ్చింది. గచ్చు మీద పరిచింది.

"ఖాళీయేనా నాన్నా?"

కూర్చున్నాను. గులాబీ తొడుగులు నేను తీస్తుంటే నల్లవి ఆమె వేసింది. కాసేపటికి నా చేతికీ ఒకటిచ్చింది. "నోటి దగ్గర రెండు పక్కలా కొంచెం నొక్కు. అదే తెరుచుకుంటుంది." నొక్కాను. తెరుచుకుంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా ముందు పక్కన పడేసిన పసుపు మరకల తొడుగులు నాలుగు ఉన్నాయి. వాటినే చూస్తోంది. అమ్మాయి తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, ఇంకోసారి కార్డులకి పెట్టకు. ఎదుటోళ్లకి ఏ కార్డో తెలిసిపోతోంది. డబ్బాకి పెట్టుకో."

మా ఆవిడ ఆ మరకలను మరోసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా వల్లనా తల్లీ?" అంది చివరికి.

"ఫర్వాలేదు. డబ్బాకి పెట్టు."

ఆవిడ వచ్చి డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇదీ నల్లదేనా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇంకోసారి అన్న మాట నా చెవిలోనే ఉంది. అడగకూడదని నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఎప్పుడమ్మా?"

ఆమె చేతిలో ఉన్న పక్షి కార్డును తొడుగులోకి చివరి దాకా తోసింది.

"ఇంకా తెలీదు నాన్నా," అంది.